ఒక్కరోజులో అరకు: అమ్మ మోకాళ్లతో బొర్రా గుహలు చూడగలమా?

అందరికీ నమస్కారం. నవంబరులో విశాఖ నుంచి అరకు వెళ్లి అదే రోజు తిరిగి రావాలని ప్లాన్. రాత్రి ఉండటం కుదరదు. అమ్మకు అక్కడి కొండ పొలాల్లో పసుపుగా పూసే వలిసె పూలు చూడాలని ఎప్పటి నుంచో కోరిక. మా పాపకు ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులవుతాయి. అందుకే పొద్దున కిరండూల్ రైల్లో ఎక్కి, సొరంగాలు చూసుకుంటూ వెళ్లి, సాయంత్రం అనంతగిరి మీదుగా కారులో దిగుదామనుకుంటున్నాం.

నా అసలు టెన్షన్ బొర్రా గుహలే. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నెమ్మదిగా, పట్టుకుని అయితే మెట్లు దిగుతుంది, ఎక్కడమే కష్టం. లోపల తడికి మెట్లు జారుతాయా? రెయిలింగ్ చివరి దాకా ఉందా? కొంత దూరం దిగి, అక్కడి నుంచే సున్నపురాతి ఆకారాలు చూసి వెనక్కి వచ్చేయొచ్చా? పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు చెప్పండి.

బొర్రా స్టేషన్‌లోనే దిగిపోయి, కారును అక్కడికే రమ్మంటే మేలా, లేక అరకు దాకా రైల్లో వెళ్లి తిరుగు దారిలో గుహలు చూడటం మేలా? కటికి జలపాతం మానేస్తున్నాం, జీపు కుదుపులు అమ్మ తట్టుకోలేదు. ఘాట్ రోడ్డులోని గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. అక్కడ పొగమంచు ఎన్నింటికి కమ్ముతుంది? చీకటి పడకముందే ఘాట్ దిగాక వచ్చే శృంగవరపుకోట చేరాలంటే అరకులో ఎన్నింటికి బయలుదేరాలి? వలిసె తోటలు రోడ్డు పక్కనే, అమ్మ ఎక్కువ నడవకుండా కనిపించే చోటు తెలిస్తే తప్పకుండా చెప్పండి.