అప్‌డేట్: బహిర్ దార్‌లో పొరుగింటి భోజనం

ఇథియోపియాలోని బహిర్ దార్‌లో పాఠాలు చెబుతున్నాను. శాకాహారిని కాబట్టి, పొరుగువారి భోజన పిలుపులను వారిని నొప్పించకుండా ఎలా మన్నించాలని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. బుధ, శుక్రవారాల్లో వెళ్లమన్న సలహాకు వేల నమస్కారాలు! ఆర్థడాక్స్ క్రైస్తవులకు అవి ఉపవాస దినాలు. మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. పెద్ద పళ్లెంలో ఇంజెరా (పుల్లటి దోసె లాంటి రొట్టె), దానిపై షిరో (పప్పుల పిండితో చేసే చిక్కటి కూర), కారంగా వండిన మసూరు పప్పు. అందరం ఒకే పళ్లెంలో తిన్నాం. ఇంటి పెద్దావిడ ముద్ద చుట్టి నా నోట్లో పెట్టారు. దాన్ని గుర్షా అంటారు. అది ఆప్యాయత, వద్దనకూడదు. నాకు అమ్మ గుర్తొచ్చింది. తర్వాత మూడు విడతల కాఫీ, గంటలకొద్దీ కబుర్లు. ఈస్టర్‌కు ముందు వచ్చే 55 రోజుల ఉపవాసంలో రోజూ రమ్మన్నారు. తప్పకుండా వెళ్తాను.