స్ట్రీట్ ఫైటర్ 6లో ధాల్సిమ్‌కి ఏమైంది? 4లో ఆడిన ఆట అస్సలు పనిచేయడం లేదు

అలిపిరి_కుర్రోడు:

అందరికీ నమస్తే. ఇక్కడ స్ట్రీట్ ఫైటర్ ఫైటింగ్ గేమ్‌లో ధాల్సిమ్‌ని, అదే చేతులూ కాళ్లూ సాగే యోగిని, ఆడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే కొంచెం దారి చూపించండి, పిచ్చెక్కుతోంది.

నాది స్ట్రీట్ ఫైటర్ 4 బ్యాచ్. ఎస్వీ యూనివర్సిటీ దగ్గర రూమ్‌లో ఉన్నప్పుడు ఫ్రెండ్ పీసీలో అల్ట్రా 4 తెగ ఆడేవాళ్లం. పరీక్షల ముందురోజు కూడా. ధాల్సిమ్ తప్ప ఇంకోణ్ణి నేను ముట్టుకున్నది లేదు. ఆ తర్వాత ఉద్యోగం, బెంగళూరు, 5 ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో కూడా పట్టించుకోలేదు. ఈమధ్య తిరుపతికి తిరిగొచ్చేశా, వర్క్ ఫ్రమ్ హోమ్, డిస్కౌంట్‌లో 6 కనిపిస్తే కొనేశా. ముందు ఆ గడ్డం చూసి ఎవరో అనుకున్నా, సరే అదేదో అలవాటైపోయింది.

సమస్య ఆటలో. 4లో నా పద్ధతి ఒక్కటే, దూరంగా నిలబడి పెద్ద పంచ్, పెద్ద కిక్ చాపి కొట్టడం, మధ్యమధ్యలో యోగా ఫైర్ (నోటితో ఊదే నిప్పుముద్ద), ఎవడైనా ఎగిరితే గాల్లోనే దించడం. ఎదుటోడు దగ్గరికి రావడానికే సగం రౌండ్ అయిపోయేది. ఇప్పుడు చెయ్యి చాపితే చాలు, ఆ రంగుల డ్రైవ్ ఇంపాక్ట్ (దెబ్బలు ఓర్చుకుంటూ ముందుకు దూకి కొట్టే మూవ్) వేసుకుని నా చేతిలోంచే దూసుకొస్తున్నారు. యోగా ఫైర్ వేస్తే హాయిగా ప్యారీ (హెల్త్ పోకుండా దెబ్బని తట్టుకునే మూవ్) పట్టి నిలబడుతున్నారు. కొత్తగా యోగా ఆర్చ్ అనీ యోగా కామెట్ అనీ ఏవో ఉన్నాయి, నిదానంగా వంకరగా పోతాయి, వాటితో ఎవణ్ణి కొట్టాలో తెలియడం లేదు. ర్యాంకుల్లో సిల్వర్ దాటడం లేదు. మనోణ్ణి చంపేశారా, లేక నాకే వయసైపోయిందా?

చిత్తూరు_ప్యాడ్:

తమ్ముడూ, వయసూ కాదు, చంపడమూ కాదు. ధాల్సిమ్ మారింది 6లో కాదు, 5లో. నువ్వు సరిగ్గా ఆ ఒక్క భాగం వదిలేసి దూకావు, అందుకే అంతా ఒక్కసారి మీద పడ్డట్టుంది.

2016లో 5 వచ్చినప్పుడు మొదటి పదహారు మందిలోనే ధాల్సిమ్ ఉన్నాడు, గడ్డం, తలపాగా అప్పుడే వచ్చాయి. అదలా ఉంచు. అప్పుడు అసలు గొడవ యోగా ఫైర్ మీద. తిన్నగా పోయే ఫైర్ తీసేసి, పైకి లేచి వంపు తిరిగి కింద పడే ఫైర్ ఇచ్చారు. మీ 4 బ్యాచ్ అంతా అప్పుడు తిట్టినవాళ్లే. దాంతోపాటు గాల్లో అలా తేలుతూ ఆగిపోయే యోగా ఫ్లోట్ ఇచ్చారు, వీ-స్కిల్‌గా, అంటే 5లో ఒక్కొక్కరికీ ఇచ్చిన ప్రత్యేక మూవ్‌గా. గేజ్ నిండాక వాడే వీ-ట్రిగ్గర్‌లో యోగా బర్నర్, నేల మీద కాసేపు మంట వదిలేది, ఎదుటోడు అందులో నిలబడితే హెల్త్ కరుగుతూ ఉండేది. వీటన్నిటి అర్థం ఏంటంటే నువ్వు దూరంగా కూర్చోవద్దు, ముందు ఏదో ఒకటి గాల్లో వదులు, అది పడేలోపు దాని వెనకే నువ్వూ వెళ్లు అని. ధాల్సిమ్ కాపలా కాసేవాడు కాస్తా మీద పడేవాడయ్యాడు.

6లో వాళ్లు చేసింది రెండిటినీ కలపడం. తిన్నగా పోయే యోగా ఫైర్ తిరిగొచ్చింది. 5లోని వంపు ఫైర్ యోగా ఆర్చ్ అయింది, మోషన్ అదే, పంచ్ బదులు కిక్. గాల్లోంచి వేసేది కామెట్. ఫ్లోట్ మామూలు మూవ్‌గానే ఉండిపోయింది. నువ్వు ఇందులో 4 నాటి సగమే వాడుతున్నావు.

ఇక నీ ప్రశ్న, కామెట్‌తో ఎవణ్ణి కొట్టాలి అని. ఎవణ్ణీ కొట్టక్కర్లేదు. అది తగలడానికి కాదు, ఎదుటోణ్ణి ఒకచోట ఆపడానికి. ఎగిరి కామెట్ వదిలావనుకో, అది నిదానంగా దిగుతుంటుంది. ఎదుటోడు బ్లాక్ పట్టుకోవాలి, లేదా ప్యారీ, లేదా వెనక్కి నడవాలి. ఏది చేసినా ఆ క్షణంలో వాడు నీ మీదికి రావడం లేదు. ఆ సందులో నువ్వు స్లయిడ్‌తో వెళ్లొచ్చు, టెలిపోర్ట్‌తో వెనక తేలొచ్చు, ఊరికే నడిచి వెళ్లి త్రో (పట్టుకుని విసరడం) కూడా వేయొచ్చు. ప్యారీ పట్టుకుని ఉన్నవాడికి త్రో పడితే దెబ్బ మామూలు కంటే ఎక్కువ, అది మర్చిపోకు. యోగా ఫైర్‌కి ప్యారీ పడుతున్నారని ఏడుస్తున్నావు కదా, అది నీకు దారి. వాడు ప్యారీ అలవాటు పడ్డాడంటే దగ్గరికెళ్లి విసిరెయ్.

డ్రైవ్ ఇంపాక్ట్ సంగతి వేరే. 4లో ఫోకస్ అటాక్ ఒక్క దెబ్బే ఓర్చుకునేది, ఇది రెండు ఓర్చుకుంటుంది, మూడోది తగిలితేనే విరుగుతుంది. పైగా అది ముందుకు దూకుతుంది. నీ పెద్ద పంచ్ చాలా నిదానం, చెయ్యి బయట ఉండగానే వాడు వచ్చేస్తాడు. కానీ ఇంపాక్ట్ తగలడానికి 26 ఫ్రేమ్‌లు పడుతుంది, అంటే అరసెకను కంటే కొంచెం తక్కువ. చూసి తిరిగి ఇంపాక్ట్ వేసే టైమ్ ఉంది, నీ చెయ్యి లోపలికి వచ్చి ఉంటే. అందుకే 6లో దూరం నుంచి లైట్, మీడియం బటన్లే ఎక్కువ వాడు, పెద్దవి ఎదుటోడు ఎగిరినప్పుడో ఏదైనా మిస్ చేసినప్పుడో చాలు.

పాత_కాయిన్:

పైన తమ్ముడు చెప్పింది ఆట వరకు నిజమే గానీ చరిత్ర మాత్రం ఒప్పుకోను. 5లో మారాడట! అబ్బా, మీరంతా నిన్నగాక మొన్న వచ్చినోళ్లు.

1991లో స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చినప్పుడు ఎనిమిది మందిలో ధాల్సిమ్ ఒకడు. తిరుపతిలో మేం ఆడింది దాని తర్వాత కొన్నేళ్లకి, లీలామహల్ అవతల ఒక చిన్న షాపు, రెండు మిషన్లు, లోపల ఉక్క, బయట చెప్పులు. అప్పటి ధాల్సిమ్ అంటే నడక నత్తనడక, ఎగిరితే తెగిన గాలిపటంలా ఎప్పటికో దిగేవాడు. వాణ్ణి తీసుకున్నోడు ఓడిపోవడానికే తీసుకున్నట్టు. మన దేశం వాడు, వెనక ఏనుగులు, గోడకి వినాయకుడు, ఆ సంబరానికి తీసుకునేవాళ్లం అంతే.

వాడికి టెలిపోర్ట్ వచ్చింది 1992లో, హైపర్ ఫైటింగ్‌లో. ఆ వెర్షన్ ఎందుకొచ్చిందో తెలుసా? ఊరూరా ఆటని మార్చేసిన దొంగ బోర్డులు (మిషన్ లోపలి సర్క్యూట్లు) తిరిగేవి, రెయిన్‌బో ఎడిషన్ అనేవాళ్లు, గాల్లో ఎగురుతూ ఫైర్‌బాల్స్ వేయడం, అవి పాముల్లా తిరుక్కుంటూ ఎదుటోడి వెంటపడటం, ఆట మధ్యలో స్టార్ట్ నొక్కితే మనిషే మారిపోవడం. జనం దానికి అలవాటు పడి అసలు ఆట చప్పగా ఉందన్నారు. ఆ దెబ్బకి ఆట తయారుచేసిన కాప్‌కామ్ వాళ్లు స్పీడు పెంచి కొత్త మూవ్‌లు ఇచ్చి హైపర్ ఫైటింగ్ దించారు. మన షాపులో ఉన్నదీ దొంగ బోర్డే అని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు అదే అసలు ఆట అనుకునేవాళ్లం.

నా పాయింట్ ఏంటంటే, టెలిపోర్ట్ ఇచ్చిన రోజునే ధాల్సిమ్ దూరం నుంచి కొట్టేవాడు కాకుండా పోయాడు. చేతులు చూసి భయపడి వెనక్కి జరిగినోడి వీపు వెనక తేలడమే వాడి అసలు ఆట. 1997లో 3 వచ్చినప్పుడు వాణ్ణి పక్కన పెట్టేశారు, మళ్లీ అసలు వరసలోకి వచ్చింది 4తోనే, 2008లో. 4లో మీరు చేతులు చాపుతూ కూర్చున్నారంటే అది ఆ భాగం నెమ్మదితనం, ధాల్సిమ్ స్వభావం కాదు. 4లోనూ గాల్లో టెలిపోర్ట్ చేసి దిగుతూ కొట్టేవాళ్లు పెద్ద టోర్నమెంట్లలో ఉన్నారు, హాస్టల్ రూముల్లో లేరేమో.

ఇంకోటి, ఆ మెడలో పుర్రెల గురించి ఎప్పుడూ ఎవరో ఒకరు వెటకారం చేస్తుంటారు. అవి ఊళ్లో మహమ్మారికి చచ్చిపోయిన పిల్లలవి అని కథలోనే ఉంది. సరదాకి వేసుకున్నవి కాదు.

చిత్తూరు_ప్యాడ్:

అన్నా, టెలిపోర్ట్ ఉండటం వేరు, దాన్ని కాపాడే వస్తువు ముందు ఉండటం వేరు. 2లోనూ 4లోనూ టెలిపోర్ట్ చేస్తే చూసినోడు కొట్టేసేవాడు, అది జూదం. 5 నుంచి ముందు గాల్లో ఫైర్ దిగుతుంటే వెనక నువ్వు తేలుతున్నావు, వాడు ఏ వైపు బ్లాక్ పట్టుకోవాలి? ఆ తేడానే నేను చెప్పేది. పుర్రెల మాటకి మాత్రం దండం.

పాత_కాయిన్:

అది సరే. 5 నాకు నచ్చలేదు కాబట్టి 5కి పేరు రావడం ఇష్టం లేదు, ఒప్పుకుంటా.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్:

ఒకటి ఎవరూ అడగలేదు. అలిపిరీ, నువ్వు ఏ కంట్రోల్స్‌లో ఆడుతున్నావు? ఆట మొదలెట్టగానే మోడర్న్ అనే తేలిక కంట్రోల్స్ అడిగితే ఓకే కొట్టేసి ఉంటావు. వేరేవాళ్లకి మోడర్న్ చాలా బాగుంటుంది, ఒక్క బటన్‌కి స్పెషల్ మూవ్ వస్తుంది, అలా షార్ట్‌కట్‌లో వేసిన స్పెషల్‌కి 20 శాతం దెబ్బ తగ్గుతుంది అంతే. కానీ ధాల్సిమ్‌కి అది శిక్ష. వాడి ప్రాణమంతా బటన్లలోనే ఉంది, ఆరు బటన్లకీ పొడుగు దెబ్బ ఒకటి, వెనక్కి పట్టి నొక్కితే పొట్టి దెబ్బ ఇంకోటి. మోడర్న్‌లో ఆరు మూడవుతాయి, చాలా దెబ్బలు ఎగిరిపోతాయి. పాత ఆరు బటన్ల క్లాసిక్‌కి మార్చుకో, 4 ఆడిన చేతులే కదా, రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

నెట్ కూడా చూసుకో. ఇందులో మ్యాచ్‌కి ముందు ఎదుటోడు వైఫైనా వైరా అని బొమ్మ చూపిస్తుంది, వైఫై వాళ్లని కొంతమంది అసలు ఒప్పుకోరు. బ్రహ్మోత్సవాలప్పుడు మా వైపు మొబైల్ నెట్ ఎలా ఉంటుందో తెలుసు కదా, హాట్‌స్పాట్ మీద ఆడి ఇంపాక్ట్ చూసి తిరిగి కొడతానంటే కుదరదు. వైర్ లాగు.

అలిపిరి_కుర్రోడు:

దొరికిపోయా, మోడర్నే. పెద్ద కిక్ చాలాసార్లు రావడం లేదేంటా అని ప్యాడ్ మీద అనుమానపడ్డా, కొత్తది కొనబోయా కూడా. క్లాసిక్‌కి మార్చాను. కామెట్ వేసి నడిచి వెళ్లి త్రో వేయడం నిజంగానే పనిచేస్తోంది, వాళ్లు అలా చూస్తూ ఉండిపోతున్నారు!

ఇంకొక్క బాధ. ఆటలో ఇంకో ఫైటర్, కెన్. కామెట్ వేసేంత జాగా కూడా ఇవ్వడు, పచ్చ వెలుగు వేసుకుని రష్‌లో వచ్చి మీద పడతాడు, ఒకసారి కార్నర్‌లో పడ్డానంటే ఇక లేవడమే లేదు. అక్కడేం చేయాలి?

చిత్తూరు_ప్యాడ్:

కెన్ అందరికీ బాధే, నీ ఒక్కడికే కాదు.

రష్ రెండు రకాలు, ముందు అది విడదీసుకో. దూరం నుంచి ప్యారీ పట్టి పరిగెత్తేది చవక. ఏదో బటన్ తగిలించి దాన్ని కేన్సిల్ చేసి, అంటే మధ్యలోనే తెంచి, పరిగెత్తేది ఆరు గడుల డ్రైవ్ గేజ్‌లో (ఇంపాక్ట్, రష్ లాంటివాటికి ఖర్చయ్యే బార్) మూడు తినేస్తుంది. రెండోదాన్ని ఆపలేవు, బ్లాక్ పట్టుకుని ఓపిక పట్టు, సగం గేజ్ పోయిందని గుర్తు పెట్టుకో. మొదటిదాన్ని ఆపొచ్చు. పచ్చ వెలుగు కనిపించగానే పెద్ద బటన్ కాదు, వేగంగా వచ్చే లైట్ పంచ్. వాడు పరిగెత్తుతూ దానిలోకే వస్తాడు. ట్రెయినింగ్ మోడ్‌లో కెన్‌ని పెట్టి, డమ్మీ రికార్డింగ్‌లో ఒకదాంట్లో రష్, ఇంకోదాంట్లో ఊరికే నిలబడటం, ఇంకోదాంట్లో ఎగరడం రికార్డ్ చేసి కలిపి తిప్పు. కళ్లు అలవాటు పడాలి, వేరే మందు లేదు.

నీకు తెలియాల్సింది ఇంకోటి ఉంది. 4లో యోగా ఫైర్ బ్లాక్ చేయిస్తే కొంచెం కొంచెం హెల్త్ పోయేది, నువ్వు దానికి అలవాటు పడ్డావు. 6లో అలా పోదు. బ్లాక్ చేస్తే వాడి డ్రైవ్ గేజ్ తగ్గుతుంది, ప్యారీ చేస్తే పెరుగుతుంది. గేజ్ మొత్తం అయిపోయిందనుకో, బర్నౌట్, అప్పుడు స్పెషల్ మూవ్‌లు బ్లాక్ చేసినా హెల్త్ పోతుంది, ఇంపాక్ట్ లేదు, రష్ లేదు, ప్యారీ లేదు. అంటే ఆ కాసేపు నీ ముందున్నవాడు పాత ఆటలోని మనిషి, నువ్వు నీ 4 ధాల్సిమ్‌ని బయటికి తీయొచ్చు. కెన్ ఆడేవాళ్లు గేజ్‌ని నీళ్లలా ఖర్చు పెడతారు. వాళ్ల హెల్త్ బార్ చూడటం మానేసి దాని కింద ఉన్న గేజ్ చూడు.

కార్నర్‌లో పడ్డాక మాత్రం టెలిపోర్ట్ మీద ఆశ పెట్టుకోకు, లేచీ లేవగానే టెలిపోర్ట్ చేస్తావని సిల్వర్‌లో ఉన్నవాడికీ తెలుసు. రెండు గడులు పెట్టి డ్రైవ్ రివర్సల్ వేసి తోసెయ్, దూరం దొరుకుతుంది. సూపర్ గేజ్ లెవెల్ రెండు ఉంటే, దాంతో వచ్చే పెద్ద ఫైర్ యోగా సన్‌బర్స్ట్‌ని కార్నర్‌లో తొందరపడి వాడెయ్యకు, బయటపడ్డాక వాడు. బటన్ పట్టి ఉంచితే ఆ ఫైర్ పెద్దదవుతుంది, దాని వెనక నువ్వు ఏం చేసినా వాడు చూస్తూ ఉండాల్సిందే.

పాత_కాయిన్:

ఆదివారం సాయంత్రం నేను ఖాళీ. రూమ్ పెట్టండి, క్లాసిక్ డ్రెస్ ధాల్సిమ్‌తో వస్తా, గడ్డం లేకుండా. కెన్ తీసుకున్నోణ్ణి లోపలికి రానిచ్చేది లేదు.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్:

నేను కెన్నే ఆడేది అన్నా. సైలెంట్‌గా చదువుతూ ఉన్నా ఇంతసేపూ.