భారీ లెక్కలను వెబ్ యాప్‌లోనే థ్రెడ్ పెట్టి నడపడం సరైనదేనా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)
ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి దుకాణాల కోసం పైథాన్‌తో వెబ్ యాప్‌లు కట్టే జాంగోలో ఒక అప్లికేషన్ చేశాం. కౌంటర్ దగ్గర తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) అందులోనే ప్రింట్ అవుతాయి. సీజన్ ముగిశాక ప్రతి రైతు ఖాతా తీసి, అడ్వాన్సు మీద వడ్డీ లెక్కగట్టి, పీడీఎఫ్ చేయాలి. ఇదివరకు బటన్ నొక్కితే టైమౌట్ వచ్చేది. ఇప్పుడు అదే ప్రోగ్రామ్ లోపల వెనకాల నడిచే థ్రెడ్ స్టార్ట్ చేసి, "తయారవుతోంది" అని పేజీ వెంటనే చూపిస్తున్నాం. కానీ ఆ లెక్క నడిచినంతసేపు తక్‌పట్టీలు ఆలస్యమవుతున్నాయి. ఒక్కోసారి పీడీఎఫ్ రానే రాదు, లాగ్‌లో ఎర్రర్ కూడా ఉండదు. సర్వర్‌కు ఉన్నవి రెండు కోర్లే. థ్రెడ్ ఉంచాలా, తీసేయాలా?

జవాబు (కరీంనగర్ నుంచి)
ఉంచు తమ్మీ. ఈ మాత్రానికి సెలరీ, రెడిస్ లాంటి వెనక పనుల క్యూ సాధనాలు పెడితే వాటిని చూసుకోవడమే ఒక ఉద్యోగం అవుతుంది. గూనికార్న్ (యాప్‌ను నడిపే సర్వర్) వర్కర్లను, అంటే రిక్వెస్టులు అందుకునే ప్రాసెస్‌లను, పెంచు, లెక్కలు రాత్రిపూట నడుపు.

జవాబు (వరంగల్ నుంచి)
అన్నా, రెడిస్ అక్కర్లేదంటే ఒప్పుకుంటా. థ్రెడ్ ఉంచమంటే మాత్రం ఒప్పుకోను.

మామూలు పైథాన్‌లో ఒక ప్రాసెస్‌లో (నడుస్తున్న ఒక ప్రోగ్రామ్‌లో) ఎన్ని థ్రెడ్లున్నా, గిల్ అనే తాళం వల్ల ఒకసారికి ఒక్కటే పైథాన్ కోడ్‌ను నడుపుతుంది. లెక్కలు చేసే థ్రెడ్ దాన్ని పట్టుకుంటే, మిగతావాటికి అందడానికి డిఫాల్ట్‌గా 5 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. తక్‌పట్టీ రిక్వెస్ట్ డేటాబేస్‌కు వెళ్లొచ్చిన ప్రతిసారీ మళ్లీ ఆ వరుసలో నిలబడాలి. పదిహేను క్వెరీలుంటే ఆలస్యం పదిహేను సార్లు కలుస్తుంది. ఎస్‌ఎంఎస్ పంపి జవాబు కోసం చూసే పనైతే థ్రెడ్ చాలు, ఎదురుచూసేటప్పుడు తాళం వదిలేస్తుంది. ఇక్కడున్నది అచ్చంగా లెక్కల పని. 2024 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.13లో గిల్ లేని బిల్డ్ ప్రయోగాత్మకంగా వచ్చింది, ఇప్పటికీ అది మామూలు బిల్డ్ కాదు. మార్కెట్ కౌంటర్ మీద ప్రయోగాలు వద్దు.

పీడీఎఫ్ మాయమవడం ఇంకా పెద్ద విషయం. మీరు కొత్త కోడ్ పెట్టి రీస్టార్ట్ చేసినా, మాక్స్ రిక్వెస్ట్స్ సెట్టింగ్ (ఇన్ని రిక్వెస్టుల తర్వాత వర్కర్‌ను మార్చు అనేది) వల్ల వర్కర్ మారినా, గూనికార్న్ డిఫాల్ట్‌గా 30 సెకన్లు చూసి పాత వర్కర్‌ను చంపేస్తుంది. లోపలి థ్రెడ్ కూడా దాంతోపాటే పోతుంది. ఎర్రర్ రాసే అవకాశం కూడా ఉండదు. తెర మీద "తయారవుతోంది" అని రాశామంటే మాట ఇచ్చినట్టే. పరకాల నుంచో ములుగు నుంచో బస్సెక్కి వచ్చిన రైతును, కారణం చెప్పకుండా రేపు రమ్మనడం నాకు నచ్చదు.

మీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోనే "పనులు" అని ఒక టేబుల్ పెట్టండి. బటన్ నొక్కితే అందులో ఒక వరుస (రో) చేరాలి, అంతే. జాంగో మేనేజ్‌మెంట్ కమాండ్‌గా (బ్రౌజర్ నుంచి కాక టెర్మినల్ నుంచి నడిచేది) ఇంకో ప్రాసెస్ నడుస్తూ ఒక్కో వరుసా తీసుకుంటుంది. రెండు ప్రాసెస్‌లు ఒకే వరుసను పట్టకుండా పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి "స్కిప్ లాక్డ్" (ఇంకొకరు పట్టిన వరుసను వదిలి ముందుకెళ్లడం) ఉంది. ఆ ప్రాసెస్‌ను లినక్స్‌లోని నైస్ కమాండ్‌తో కింది ప్రాధాన్యంలో పెడితే కౌంటర్‌కు సీపీయూ ముందు దొరుకుతుంది.

జవాబు (జగిత్యాల నుంచి)
లెక్క మొత్తం బ్రౌజర్‌లోనే వెబ్ వర్కర్‌కు (పేజీ వెనకాల నడిచే కోడ్‌కు) ఇస్తే సర్వర్ మీద భారమే ఉండదు కదా?

జవాబు (వరంగల్ నుంచి)
తెర మీద గ్రాఫులకు, ఫైల్ చదవడానికి బాగుంటుంది. కానీ ట్యాబ్ మూస్తే వెబ్ వర్కర్ పోతుంది. పైగా వందల ఖాతాల డబ్బు లెక్కను దుకాణం ఫోన్‌లో చేయించి, వచ్చిన అంకెను సర్వర్ నమ్మడం తప్పు.

జవాబు (కరీంనగర్ నుంచి)
సరే, ఆ రెండో ప్రాసెస్ ఆగిపోతే ఎవరికి తెలుస్తుంది? వెబ్‌సైట్ పడితే పది ఫోన్లొస్తాయి. ఇది పడితే ఎవరూ చెప్పరు. నా అనుమానం ఇప్పటికీ అదే.

జవాబు (వరంగల్ నుంచి)
న్యాయమైన అనుమానం. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో "రీస్టార్ట్ ఆల్వేస్" పెడితే పడినప్పుడల్లా లేస్తుంది. పని మొదలైన సమయం, చివరిసారి కదిలిన సమయం వరుసలోనే రాయాలి. చాలాసేపు కదలనిదాన్ని మళ్లీ క్యూలో వేయాలి. అన్నిటికంటే పాత పని ఎన్ని నిమిషాలుగా ఆగి ఉందో దుకాణం తెర మీదే చూపిస్తే ఫోన్లు వాటంతటవే వస్తాయి. థ్రెడ్‌లో ఉన్న పనికి ఈ ఆచూకీ ఎక్కడిది?

ప్రశ్న అడిగినవారు
టేబుల్ పద్ధతికి మారుతున్నాం. ఒక్క టెన్షన్: సగంలో ఆగిన పని మళ్లీ నడిస్తే వడ్డీ రెండుసార్లు పడదా?

జవాబు (వరంగల్ నుంచి)
ఖాతా, సీజన్ కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే జత రెండోసారి పడనివ్వని నియమం) పెట్టండి. ఒక్కో ఖాతా వడ్డీ ఎంట్రీ ఒక్కో ట్రాన్సాక్షన్‌గా (పడితే పూర్తిగా, లేకపోతే అసలు పడకుండా) రాయండి. మళ్లీ నడిచినప్పుడు ఆ ఎంట్రీ ఉన్న ఖాతాలను వదిలేసి, మిగిలినవాటికే వేస్తుంది. పీడీఎఫ్ మాత్రం ఎంట్రీలన్నీ పడ్డాకే చేయండి.