వార్డు డ్యూటీ వదలకుండా రీసెర్చ్ చేస్తామనే నర్సులకు టైం ఎలా ఇవ్వాలి?

ప్రశ్న (నర్సింగ్ సూపరింటెండెంట్, నెల్లూరు)

మాది ప్రైవేటు ఆసుపత్రి. ఎమ్మెస్సీ నర్సింగ్ చదివినవాళ్లు ముగ్గురు ఐసీయూలో, డయాలసిస్‌లో ఉన్నారు. బెడ్‌సైడ్ వదలకుండానే రీసెర్చ్ చేస్తామంటున్నారు, వాళ్లలో ఒకామె పీహెచ్‌డీ కూడా అడుగుతోంది. కాదంటే టీచింగ్‌కి వెళ్లిపోతారు. మేనేజ్‌మెంటు దగ్గరికి పోయేముందు లెక్క తేలాలి. ఎంత టైం ఇవ్వాలి? మొదట ఏ టాపిక్ ఎత్తుకోవాలి? క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి చేతి నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టినచోట వాపు మీద ఐసీయూలోనే చేద్దామనుకుంటున్నాం. రీసెర్చ్‌కి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ దగ్గర ఏం ఆగిపోతుంది?

జవాబు 1 (హెడ్ నర్సు, ఒంగోలు)

మేడమ్, ముందు రోస్టర్ సంగతి చూడండి. "ఖాళీ దొరికినప్పుడు చేసుకోండమ్మా" అంటే ఆ పని జరగదు. మనిషికి వారానికి ఒక 8 గంటల షిఫ్టు రాసివ్వండి. ముగ్గురికీ కలిపి 24 గంటలు. వారానికి 48 గంటల డ్యూటీ లెక్కన అది సరిగ్గా సగం పోస్టు. మేనేజ్‌మెంటును అడగాల్సింది ఆ సగం రిలీవరే, అంటే వాళ్ల బదులు డ్యూటీ చేసే మనిషినే. "ప్రోత్సాహం ఇవ్వండి" అని అడిగితే సర్టిఫికెట్ ఇచ్చి పంపుతారు.

రోస్టర్‌లో ఆ షిఫ్టుకి 'ఆర్' అని వేయండి. ఆ రోజు ఆమెను వార్డు బలంలో లెక్కపెట్టొద్దు, రికార్డు రూములో కూర్చోబెట్టండి. యూనిఫాంతో కౌంటర్ దగ్గర కనబడితే ఎవరో ఒకరు "సిస్టర్, సక్షన్" అని పిలుస్తారు, పోకుండా ఉండలేదు. నైట్ దిగిన పొద్దున 'ఆర్' వేస్తే అది రీసెర్చ్ కాదు, నిద్ర. ముగ్గురికీ ఒకే రోజు వేయొద్దు. ఎవరైనా లీవు పెట్టి ఆ షిఫ్టు లాక్కోవాల్సి వస్తే అదే నెలలో తిరిగివ్వాలని రాతలో పెట్టండి.

జవాబు 2 (నర్సింగ్ కాలేజీలో రీసెర్చ్ పాఠం చెప్పేవాణ్ణి)

టాపిక్ బాగుంది గానీ ఐసీయూ వద్దండీ. అక్కడ చాలామందికి చేతి క్యాన్యులా బదులు మెడ దగ్గరో మరోచోటో పెద్ద నరంలో పెట్టే సెంట్రల్ లైన్ ఉంటుంది. మత్తులో ఉన్న పేషెంటు నొప్పి చెప్పలేడు. ఈ వాపుని కొలవడానికి మీరు వాడబోయే విఐపీ స్కోరు 0 నుంచి 5 దాకా నొప్పి, ఎరుపు, వాపు మీదే నడుస్తుంది. 2 వచ్చిందంటే క్యాన్యులా తీసి వేరేచోట పెట్టాలి. పైగా మన ఒంటి రంగు మీద ఎరుపు అంత తేలిగ్గా కనబడదు. వేలితో తాకి వేడి, గట్టిపడిన నరం కూడా చూడమని నేర్పండి. మెడికల్ వార్డు తీసుకోండి.

డేటా మొదలుపెట్టకముందే ఇద్దరు నర్సులు ఒకరి స్కోరు ఒకరు చూడకుండా అవే 30 చేతులకు మార్కులు వేయాలి. ఇద్దరి మార్కులు ఎంత కలిశాయో చెప్పే లెక్క, కప్పా, 0.6 కంటే తగ్గితే మళ్లీ ట్రైనింగ్. ఫారంలో సూది గేజు, ఏ చోటు, ఎన్ని గంటలుంది, ఏ మందు ఎక్కింది తప్పక ఉండాలి. పొటాషియం క్లోరైడ్, వాంకోమైసిన్ లాంటివి నరాన్ని మండిస్తాయి. అవి రాయకపోతే తప్పంతా నర్సు చేతిమీద పడుతుంది.

శాంపిల్ లెక్క: వాపు 30 శాతం మందిలో ఉంటుందని ఊహించి, 10 శాతం అటూఇటూ తేడా ఒప్పుకుంటే 81 మంది చాలు. మధ్యలో తప్పిపోయేవాళ్లు 10 శాతం అనుకుంటే 90. అదే తేడా 5 శాతానికి తగ్గించారా, 323 అవుతుంది. వారానికి ఒక షిఫ్టు చేసేవాళ్లకి 90 చాలు. ఒకే పేషెంటు నాలుగు క్యాన్యులాలని నాలుగు కేసులుగా లెక్కించొద్దు, మొదటిదొక్కటే తీసుకోండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. కొత్త డ్రెస్సింగ్ పనిచేస్తుందా అని ముందూ వెనకా పోల్చాలనుకుంటే, ముందు లెక్క రోహిణి కార్తెలో, తర్వాతి లెక్క డిసెంబరులో తీయకండి. మే నెల చెమటకి నెల్లూరులో టేపు నిలవదు. తగ్గుదల డ్రెస్సింగ్‌ది కాదు, వాతావరణానిది.

జవాబు 3 (ఎథిక్స్ కమిటీ పని చూసేవారు)

అక్కా, ఎక్కువగా ఆగేది కన్సెంట్ (పేషెంటు ఒప్పుకోలు) దగ్గరే. మందులిచ్చే సిస్టరే కాగితం చాపితే పేషెంటు కాదనలేడు. సంతకం తీసుకునేది వేరే మనిషి అయివుండాలి. ఫారం మాట్లాడే తెలుగులో రాయండి, తడ వైపు వాళ్లకి తమిళంలో కూడా. వేలిముద్ర వేసేవాళ్లకి రీసెర్చ్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి.

"ఇది ఆడిట్టే, అనుమతి అక్కర్లేదు" అని మీకు మీరే తేల్చుకోవద్దు. మినహాయింపు ఇచ్చేది కమిటీనే. డేటా తీశాక అనుమతి అడిగితే దొరకదు. కొత్త డ్రెస్సింగ్ లాంటిదేదైనా పరీక్షిస్తుంటే సీటీఆర్‌ఐలో (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) ముందే నమోదు చేయాలి. ఫీజు లేదు, కానీ 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి పేషెంటుని చేర్చాక నమోదు చేసుకోవడం లేదు.

పేపర్లో ఎవరి పేరు ముందో ఇప్పుడే రాసుకోండి. చివర్లో హెచ్ఓడీ గారి పేరు ఎగిరి ముందుకొస్తుంది.

ప్రశ్న అడిగినవారు

మెడికల్ వార్డే పెడతాం సార్. మరి పీహెచ్‌డీ?

జవాబు 2 నుంచి

యూజీసీ 2022 నిబంధనల్లో పార్ట్‌టైం పీహెచ్‌డీ ఉంది, దూరవిద్యలో లేదు. కనీసం 3 ఏళ్లు, మామూలుగా 6 ఏళ్ల లోపు. మీ ఆసుపత్రి ఇచ్చే ఎన్‌ఓసీలో (అభ్యంతరం లేదనే పత్రం) మూడు మాటలుండాలి: పార్ట్‌టైంకి అనుమతిస్తున్నాం, డ్యూటీలో చదువుకు సరిపడా టైం ఉంటుంది, అవసరమైతే కోర్స్‌వర్క్‌కి (పీహెచ్‌డీలో భాగంగా చదవాల్సిన క్లాసులు) రిలీవ్ చేస్తాం. మూడోది సంతకం పెట్టేముందు రిలీవర్ పోస్టు ఖాయం చేసుకోండి, కోర్స్‌వర్క్‌కి వారానికి ఒక్క షిఫ్టు చాలదు.