పెరుగుతున్న ఊరికి ముందు కావాల్సింది వెడల్పు రోడ్డా, బస్సా?

కొత్తింటివాడు:
మా ఊళ్లో సగం మందిమి పొద్దున్నే నగరానికి పనికి వెళ్లి చీకటి పడ్డాక వస్తాం. ఇళ్లు పెరిగాయి, రోడ్డు పాతదే. దాన్ని వెడల్పు చేస్తే రోజూ ఈ టెన్షన్ తప్పుతుంది, దుకాణాలూ వస్తాయి. బస్సు కావాలనేవాళ్లు నిజంగా దాన్ని ఎక్కుతారా?

పాతకాపు:
కొన్నాళ్లు హాయిగానే ఉంటుందండీ. ఆ హాయి చూసి ఇంకా అవతల ఇళ్లు కొంటారు, మళ్లీ రోడ్డు నిండుతుంది. మనిషి రోజుకు రానూపోనూ సుమారు గంట ప్రయాణానికి సర్దుకుంటాడని ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చేజరే మార్కెట్టి 1994లో రాశాడు. వేగం పెరిగితే ఆ గంట తగ్గదు, ఇల్లు దూరం జరుగుతుంది. ఇక దుకాణాలంటారా, రోడ్డు బాగుంటే వారానికి సరిపడా సరుకులు నగరంలోనే కొనుక్కొస్తాం. ఊళ్లో కొట్టు నడిచేది ఇళ్ల లెక్క మీద కాదు, పగలు కొనేవాళ్ల మీద.

కొత్తింటివాడు:
లెక్కలు బాగున్నాయి. గంటకో బస్సు, మీటింగ్ పది నిమిషాలు సాగితే అదీ పోయినట్టే. ఇంట్లో బండి పెట్టుకుని దానికోసం ఎవరు నిలబడతారు?

బస్సే దిక్కు:
మీరు ఎక్కకపోబట్టే అది గంటకోటి. ఎక్కేవాళ్లు పెరిగితే బస్సులు పెరుగుతాయి, అప్పుడు అందరికీ ఎదురుచూపు తగ్గుతుంది. అమెరికా ఆర్థికవేత్త హెర్బర్ట్ మోరింగ్ 1972లో చూపించింది ఇదే. టైము చూసుకోకుండా వచ్చినవాడికి గంటకో బస్సయితే సగటున అరగంట పడిగాపులు, పావుగంటకొకటైతే ఏడెనిమిది నిమిషాలు. మా అమ్మకు డ్రైవింగ్ రాదు, మా వాడికి ఇంకా వయసు రాలేదు. పగలు ఊళ్లో ఉండేది వాళ్లే. రోడ్డు ఎంత వెడల్పయితే దాటడానికి వాళ్లకు అంత కష్టం.

బావినీళ్లు:
ఎంతసేపూ రోడ్డూ బస్సేనా? కాళ్ల కింద సంగతి ఎవరూ అనరేం? ఇంటికో సెప్టిక్ ట్యాంకు కట్టి, అదే నేలలోంచి బావినీళ్లు తోడుకుంటున్నాం. ఇళ్లు దగ్గరయ్యేకొద్దీ ఆ మురుగులోంచి పుట్టే నైట్రేటు అనే లవణం బావిలో చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 50 మిల్లీగ్రాములు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఇది మరీ ప్రమాదం. నన్నడిగితే మురుగు కాలువ తర్వాతే మిగతావన్నీ.

కొత్తింటివాడు:
నీళ్ల సంగతి ఒప్పుకుంటాను, ఈ వారమే పరీక్షకు ఇస్తాను. బస్సంటారా, పావుగంటకోటి వేయమనండి, ఎక్కుతాను. ముందు ఎక్కమంటే మాత్రం ఎక్కను.

పాతకాపు:
బస్సులు నడిపేవాళ్లూ అదే అంటున్నారండీ, ముందు ఎక్కితే వేస్తామని.