లోన్ తీరేదాకా ఇల్లు బ్యాంకుదేనా?

కిట్టు81:
లోన్ మీద ఇల్లు కొన్నానంటే చాలు, "అది మీదెక్కడిది, అప్పు తీరేదాకా బ్యాంకుదే" అంటున్నారు. ఒరిజినల్ కాగితాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి, వాళ్లనడక్కుండా అమ్మలేను, కిస్తీలు ఆగితే వాళ్లే అమ్మేస్తారు. నాకూ ఆ మాటే నిజమనిపిస్తోంది.

పాతకాగితం:
కాదండీ, తనఖా వేరు, సొంతం వేరు. ఇంటి ధర రెట్టింపయితే ఆ లాభం ఎవరిది? మీదే. బ్యాంకుకు రావలసింది అసలు, వడ్డీ అంతే. వాళ్లే వేలం వేసినా, బాకీలూ ఖర్చులూ పోగా మిగిలింది మీకే ఇవ్వాలి. సొంత ఇల్లు అమ్ముకున్నవాడు మిగిలిన డబ్బు తెచ్చి ఇంకొకరి చేతిలో పెడతాడా? భారత్‌లో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా తనఖా అంటే ఆస్తిలో ఒక హక్కు ఇవ్వడమనే చెబుతుంది, బాకీ కట్టి విడిపించుకునే హక్కు 60వ సెక్షన్‌లో ఉంది.

రవళి_ఎమ్:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు తనఖా అంటే భూమిని నిజంగానే అప్పిచ్చినవాడి పేరున రాసేయడం, గడువు రోజు దాటిందా, భూమి పోయినట్టే. గడువు దాటినా బాకీ కడితే విడిపించుకోవచ్చని చాన్సరీ కోర్టు 17వ శతాబ్దంలో అడ్డుపడింది, పేరు మార్చే ఆ పద్ధతి 1925 చట్టంతో పోయింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఇప్పటికీ టైటిల్ అప్పిచ్చినవాళ్లదనే లెక్క. కిట్టు గారి అనుమానం ఊరికే పుట్టింది కాదు.

పాతకాగితం:
అది నిజమే, ఒప్పుకుంటాను. కానీ అక్కడా ఇంట్లో ఉండేది, అద్దెకిచ్చేది, విడిపించుకునేది అప్పు తీసుకున్నవాడే కదా.

సుధ_నిజం:
మీరంతా బ్యాంకు దగ్గరే ఆగిపోయారు, మా ఇంట్లో తగిలిన దెబ్బ వేరే. మా అక్క లోన్‌లో కో-అప్లికెంట్, పన్నెండేళ్లుగా కిస్తీలో సగం తన జీతంలోంచే పోతోంది, లోన్ అగ్రిమెంట్‌లో ప్రతి పేజీ కింద తన సంతకం ఉంది. ఇద్దరికీ పడక విడిపోయే రోజు వచ్చాక సేల్ డీడ్ తీసి చూస్తే, కొన్నవారు అన్నచోట బావ పేరొక్కటే! అక్క ఆ కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూనే ఉంది. లోన్ కాగితం 'నేను కడతాను' అని ఇచ్చిన మాట, ఇల్లు ఎవరిదో చెప్పేది సేల్ డీడ్. బావ కట్టకపోతే బ్యాంకు మొత్తం బాకీ అక్కనే అడగొచ్చు, సగమే అడగాలన్న రూలేమీ లేదు. ఇంట్లో వాటా కావాలంటే మాత్రం తను కోర్టులో కొట్లాడాలి.

కిట్టు81:
ఇది చదివి ఇప్పుడే జిరాక్స్ తీసి చూశాను. లోన్‌లో మా ఆవిడ పేరుంది, సేల్ డీడ్‌లో లేదు. ఇప్పుడు చేర్చొచ్చా?

పాతకాగితం:
చేర్చొచ్చు, ఆమెకు వాటా రాసి రిజిస్టర్ చేయించాలి. తనఖాలో ఉంది కాబట్టి ముందు అగ్రిమెంట్‌లో బదిలీ గురించిన క్లాజు చదివి, బ్యాంకు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో సరేనన్నారని నమ్ముకోకండి.