నర్సింగ్‌లోకి మారాలంటే: పదహారు నెలల బీఎస్ఎన్ మంచిదా, కమ్యూనిటీ కాలేజీ నయమా?

కొత్తదారి
నాది కామర్స్ డిగ్రీ. అమెరికాలో అకౌంటింగ్ పని చేస్తున్నాను, గ్రీన్‌కార్డు ఉంది. నర్సింగ్‌లోకి మారాలని గట్టిగానే నిర్ణయించుకున్నాను, దాని మీద చర్చ వద్దు. ముందున్నవి రెండు దారులు. డిగ్రీ ఉన్నవాళ్ల కోసం పెట్టిన యాక్సిలరేటెడ్ (త్వరగా ముగిసే) బీఎస్ఎన్, అంటే నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీ, ఒకటి: పదహారు నెలలు, ప్రైవేటు యూనివర్సిటీ. రెండోది కమ్యూనిటీ కాలేజీలో (స్థానిక ప్రభుత్వ కాలేజీ) రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, బ్యాచిలర్స్ కన్నా ఒక మెట్టు కిందది. ఏది చదివినా చివర్లో రాసేది అదే ఎన్‌క్లెక్స్ (లైసెన్సు పరీక్ష), చేతికొచ్చేది అదే ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు. ఫీజులకి మాత్రం ఎక్కడా పొంతన లేదు. ఇంట్లోవాళ్లేమో "డిగ్రీ పెట్టుకుని మళ్లీ అసోసియేట్ చదవడమేంటి" అంటున్నారు. నా మనసూ త్వరగా అయిపోయేదాని వైపే ఉంది. వద్దనేవాళ్లు ఎందుకు వద్దో చెప్పండి.

పరుగుపందెం
వద్దని ఎందుకంటాం, చేరిపోండి. నేనూ ఆ దారిలోనే వచ్చాను. ఇదేదో నిన్నమొన్న పుట్టిన షార్ట్‌కట్ అనుకుంటారు చాలామంది. సెయింట్ లూయిస్ యూనివర్సిటీ దీన్ని 1971లోనే మొదలుపెట్టింది. ఒకసారి డిగ్రీ చదివినవాళ్లకి ఇంగ్లిష్, హిస్టరీ లాంటివి మళ్లీ చెప్పక్కర్లేదు కాబట్టి కాలం తగ్గుతుంది, నర్సింగ్ సబ్జెక్టుల్లో కోత ఉండదు. పైగా పెద్ద ఆసుపత్రులు చాలావరకు బీఎస్ఎన్ ఉన్నవాళ్లకే మొగ్గు చూపుతాయి. న్యూయార్క్ రాష్ట్రం 2017లో చట్టమే తెచ్చింది: అసోసియేట్‌తో లైసెన్సు తెచ్చుకున్న కొత్త నర్సులు పదేళ్లలోపు బీఎస్ఎన్ పూర్తి చెయ్యాలని. ఎలాగూ చదవక తప్పనప్పుడు ఒకేసారి చదివేస్తే పోలా?

మెడ్‌సర్జ్‌నైట్స్
నేను కొత్త నర్సులకి ప్రిసెప్టర్‌ని, అంటే వార్డులో పక్కనుండి పని నేర్పుతాను, రెండు దారుల్లో వచ్చినవాళ్లనీ చూస్తుంటాను. యాక్సిలరేటెడ్ వాళ్లు చురుకైనవాళ్లే. ఇంకో ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు కదా, అర్ధరాత్రి డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలన్నా జంకరు. నా అభ్యంతరం వాళ్ల మీద కాదు, ఆ క్యాలెండర్ మీద.

అసలు పదహారు నెలలన్నదే సగం లెక్క. దానికి ముందు ప్రీరిక్విజిట్లు, అంటే చేరేలోపే పాసవ్వాల్సిన సబ్జెక్టులు, ఉంటాయి. అనాటమీ అండ్ ఫిజియాలజీ ల్యాబ్‌తో కలిపి రెండు భాగాలు, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, చాలాచోట్ల కెమిస్ట్రీ, న్యూట్రిషన్, డెవలప్‌మెంటల్ సైకాలజీ కూడా. కామర్స్ చదివినవాళ్ల దగ్గర వీటిలో స్టాటిస్టిక్స్ ఉంటే ఉంటుంది, అంతే. సైన్సు డిగ్రీ ఉన్నా నిశ్చింత లేదు, ఐదేళ్లో ఏడేళ్లో దాటిన సైన్సు క్రెడిట్లు ఒప్పుకోని స్కూళ్లు బోలెడు. ఉద్యోగం చేస్తూ ఇవన్నీ ముగించాలంటే ఏడాది పట్టేస్తుంది. పదహారు నెలలు ఆ తర్వాత మొదలవుతాయి.

ఇక కోర్సు లోపల. సబ్జెక్టులు తగ్గించరన్నది నిజమే. తగ్గేది ఊపిరి పీల్చుకునే సందు. ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) ఏడెనిమిది వారాల్లో అయిపోతుంది. మూడో వారంలో పిల్లాడికి జ్వరమొచ్చి నాలుగు రోజులు పుస్తకం తెరవకపోతే ఇక పరీక్ష దాకా వెంటపడుతూనే ఉండాలి. రెండు సబ్జెక్టులు తప్పితే చాలా స్కూళ్లు బయటికి పంపేస్తాయి. ఒక్కటి తప్పినా ఆ సబ్జెక్టు మళ్లీ వచ్చే బ్యాచ్ దాకా ఆగాలి, లోన్ మీద వడ్డీ మాత్రం ఆగదు. కమ్యూనిటీ కాలేజీలోనూ రూల్స్ ఇంచుమించు ఇవే, కానీ అక్కడ సెమిస్టర్ అంటే పదిహేను వారాల పైమాట. కిందపడ్డా లేవడానికి టైముంటుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకీ, పెద్దవాళ్లని చూసుకునేవాళ్లకీ ఆ టైమే ప్రాణం.

పరుగుపందెం
మరి వెయిట్‌లిస్టుల మాటేంటి? కమ్యూనిటీ కాలేజీలో ప్రీరిక్విజిట్లు లేనట్టు మాట్లాడుతున్నారు. అక్కడా అనాటమీ, మైక్రోబయాలజీ అడుగుతారు. అవి ముగించాక పాయింట్ల లెక్కో, లాటరీయో, వెయిటింగ్ లిస్టో. సీటు ఎప్పుడొస్తుందో తెలియని రెండేళ్ల కోర్సుని రెండేళ్లది అనకూడదు.

డబ్బు సంగతీ చూడండి. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2024 మేలో ఆర్ఎన్‌ల మధ్యస్థ జీతం ఏడాదికి 93,600 డాలర్లు. ఎనిమిది నెలలు ముందు ఉద్యోగంలో చేరితే ఎంత మిగులుతుందో అకౌంటెంట్ గారికి నేను చెప్పాలా!

లెక్కలరాయుడు
ఆ 93,600 కొత్త నర్సు జీతం కాదండీ. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్నవాళ్లూ, కాలిఫోర్నియా జీతాలూ అన్నీ కలిపితే వచ్చిన సంఖ్య అది. కొత్తవాళ్లు చాలాచోట్ల దానికి బాగా కిందే మొదలవుతారు.

ఖర్చు వైపు ఇంకా ఇబ్బంది. బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవాళ్లకి మామూలుగా పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం) రాదు, ఏ దారిలో వెళ్లినా. ఫెడరల్ లోన్ తీసుకుందామంటే ఇండిపెండెంట్ విద్యార్థికి (తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి రానివాళ్లు) అండర్‌గ్రాడ్ స్థాయిలో జీవితకాల పరిమితి మొత్తం 57,500 డాలర్లు, పై క్లాసుల్లో ఉన్నా ఏడాదికి 12,500 దాటి ఇవ్వరు. ప్రైవేటు యూనివర్సిటీ ఫీజుకి అది ఏ మూలకి? మిగిలింది ప్రైవేటు లోన్. ఆ పదహారు నెలలూ ఉద్యోగం చెయ్యొద్దని స్కూళ్లే చెబుతాయి కాబట్టి పోయే జీతమూ ఖర్చులోనే రాసుకోవాలి. కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చి, ఉద్యోగంలో చేరి, ఆసుపత్రి ఇచ్చే ట్యూషన్ సాయంతో ఆన్‌లైన్‌లో బీఎస్ఎన్ పూర్తి చేసేవాళ్లు ఎంతోమంది. "పోలా" అన్నారు కదా, సగం ఫీజు ఇంకొకరు కడతామన్నప్పుడు రెండుసార్లు చదివితే పోయేదేముంది?

హెచ్4పద్మ
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. గ్రీన్‌కార్డు లేనివాళ్ల సంగతి?

మెడ్‌సర్జ్‌నైట్స్
చదవడానికి హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) అడ్డు కాదమ్మా, ఉద్యోగానికే చిక్కు. ఈఏడీ (పని అనుమతి కార్డు) కావాలంటే చాలామందికి భర్త ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యుండాలి. మామూలు ఆర్ఎన్ పోస్టుకి బ్యాచిలర్ డిగ్రీ తప్పనిసరి కాదు కాబట్టి హెచ్1బీ (డిగ్రీ అవసరమైన ఉద్యోగాల వీసా) కింద సాధారణంగా నిలవదు. ఎఫ్1 (విద్యార్థి వీసా)కి మారితే ఓపీటీ, అంటే చదువయ్యాక పని చేసే అనుమతి, పన్నెండు నెలలే; సైన్సు, టెక్నాలజీ కోర్సులకిచ్చే స్టెమ్ పొడిగింపు నర్సింగ్‌కి లేదు. నర్సులు షెడ్యూల్ ఏలో (కొరత ఉన్న వృత్తుల జాబితా) ఉన్నారు, గ్రీన్‌కార్డుకి లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి స్థానికులు దొరకలేదన్న ధ్రువీకరణ) అక్కర్లేదు అని కన్సల్టెన్సీలు ఊరిస్తాయి. అంతవరకూ నిజమే, కానీ ఇండియాలో పుట్టినవాళ్లకి ఈబీ-3 (ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు ఇచ్చే ఒక కేటగిరీ) క్యూ ఎలాగూ తప్పదు. ఈఏడీ చేతిలో లేకుండా ఇంత అప్పు నెత్తిన పెట్టుకోవద్దని నా సలహా.

చిన్నప్రశ్న
ఆరు నెలల్లో మొత్తం ఆన్‌లైన్‌లోనే ఆర్ఎన్ చేయిస్తామని ఎవరో మెసేజ్ పెట్టారు. నిజమేనా?

లెక్కలరాయుడు
పారిపోండి. ఫ్లోరిడాలో 7,600 పైగా దొంగ నర్సింగ్ డిప్లొమాలు అమ్మారని 2023 జనవరిలో కేసులు పెట్టారు. కొనుక్కున్నవాళ్లలో చాలామంది లైసెన్సులూ పోయాయి.

పరుగుపందెం
మళ్లీ అసలు విషయానికి. క్లినికల్ అనుభవం చాలదంటారేమో, ముందే చెబుతున్నా. రాష్ట్ర నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి పది స్కూళ్లలో చేయించిన అధ్యయనం 2014లో వచ్చింది. క్లినికల్ గంటల్లో (ఆసుపత్రిలో రోగుల దగ్గర శిక్షణ) సగం దాకా సిమ్యులేషన్, అంటే బొమ్మ రోగుల మీద సాధన, పెట్టినా ఫలితాల్లో తేడా రాలేదని తేలింది.

మెడ్‌సర్జ్‌నైట్స్
ఆ అధ్యయనం నేనూ చదివాను. సిమ్యులేషన్ నాణ్యంగా ఉంటేనే అని అందులోనే ఉంది: శిక్షణ పొందిన ఫ్యాకల్టీ, ప్రతి కేసు తర్వాత పద్ధతిగా డీబ్రీఫింగ్ (ఏం చేశారో కూర్చుని సమీక్షించడం). బొమ్మ ముందు నిలబెట్టి అరగంటలో పంపించెయ్యడం దాని కిందకి రాదు. అందుకే స్కూల్ పేరు చూసి కాదు, వివరాలడిగి చేరమంటాను. క్లినికల్స్ ఏ ఆసుపత్రిలో, ఒక ఇన్‌స్ట్రక్టర్ కింద ఎంతమంది?

ఇంకోటి, ఎన్‌క్లెక్స్ పాస్ శాతం చూపించి మురిపిస్తారు. అందులో పరీక్ష రాసినవాళ్లే లెక్కకొస్తారు, మధ్యలో రాలిపోయినవాళ్లు కనబడరు. సగంమందిని రాల్చేసిన స్కూలుకీ 95 శాతం రావచ్చు. "చేరినవాళ్లలో టైముకి బయటపడింది ఎంతమంది?" అని అడిగి, అడ్మిషన్స్ వాళ్లు మాట మారుస్తారేమో చూడండి.

పరుగుపందెం
దీనితో ఒప్పుకుంటాను. మా బ్యాచ్‌లోనూ ఆఖరికి కుర్చీలు ఖాళీ అయ్యాయి. అయినా పిల్లల బాధ్యత లేకుండా, చేతిలో పొదుపు ఉండి, చదువు అలవాటు పోనివాళ్లకి నా ఓటు యాక్సిలరేటెడ్‌కే. అందరినీ మెల్లగా నడవమనడం న్యాయం కాదు.

లెక్కలరాయుడు
కొత్తదారి గారూ, మీ బీకాం మూడేళ్లదేనా? మూడేళ్ల డిగ్రీని ఇక్కడి నాలుగేళ్ల బ్యాచిలర్స్‌తో సమానంగా ఒప్పుకోని స్కూళ్లున్నాయి. అలా అయితే మీకు మొదటి దారే లేదు.

కొత్తదారి
మూడేళ్లే, కానీ తర్వాత ఎంకాం చేశాను. రెండూ కలిపి బ్యాచిలర్స్‌కి సమానమని పాత ఎవాల్యుయేషన్‌లో (విదేశీ డిగ్రీ మదింపు) ఉంది. స్కూల్‌కి కోర్సుల వారీ రిపోర్టు కావాలట, తెప్పిస్తున్నాను.

మెడ్‌సర్జ్ గారు చెప్పిన ప్రశ్న అడ్మిషన్స్‌కి మెయిల్ చేశాను. పాస్ శాతం బ్రోషర్ పంపారు, అడిగిన అంకె పంపలేదు! ఈలోగా ఉద్యోగం మానకుండా సాయంత్రం క్లాసులో అనాటమీ మొదటి భాగం మొదలుపెడతాను. ఏ దారికైనా అది కావాల్సిందే కదా. ఆన్‌లైన్ సెక్షన్‌లో సీట్లున్నాయి, అది తీసుకోనా?

మెడ్‌సర్జ్‌నైట్స్
లెక్చర్ ఆన్‌లైన్ అయినా ఫర్వాలేదు, ల్యాబ్ మాత్రం కాలేజీకి వెళ్లి చెయ్యండి. ఆన్‌లైన్ ల్యాబ్‌ని ఒప్పుకోని నర్సింగ్ స్కూళ్లున్నాయి. ఫీజు కట్టేముందే రెండు చోట్లా అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.